ఇన్ఎక్స్ఛేంజబుల్ అంటే ‘మార్చుకోలేని’ అని రాస్తే సరిపోతుందా?

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుందాం. ఒక ఒప్పందాన్ని తెలుగు చేస్తుంటే మీకు ‘ఇన్ఎక్స్ఛేంజబుల్’ అనే మాట తగిలింది. నిఘంటువులో ‘మార్చుకోలేని’ అని ఉంది. అదే పత్రంలో నాన్ ఫంజిబుల్, నాన్ కన్వర్టిబుల్, నాన్ ట్రాన్స్‌ఫరబుల్ అనే మాటలు కూడా ఉన్నాయి. అన్నిటికీ ‘మార్పిడి చేయలేని’ అని పెట్టుకుంటూ పోతే చివరకు ఏ వాక్యం ఏం చెబుతోందో మీకే అర్థం కాకుండా పోయింది. ఇవన్నీ ఒకటేనా, ‘అవినిమేయం’ అని ఒక్క మాట వాడేస్తే గొడవ వదిలిపోతుందా అని అడుగుతున్నారు.

ఒకటి కావు. ఒక్క మాటతో గొడవ వదలదు కూడా. ఒప్పందాలు, బ్యాంకు కాగితాలు అనువదించడమే నా పని కాబట్టి ఈ గుంపులోని మాటలు నాకు తరచూ ఎదురవుతాయి. ఇక్కడ తప్పు దొర్లితే వాక్యం చదవడానికి బాగానే ఉంటుంది గానీ హక్కు తారుమారవుతుంది. నిక్షేపంగా అమ్ముకోదగ్గ ఆస్తి కాస్తా తెలుగు ప్రతిలో అమ్మకూడనిదై కూర్చుంటుంది. అందుకే కొంచెం వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇన్ఎక్స్ఛేంజబుల్ ఇంగ్లీషులోనే అరుదైన మాట. అన్ఎక్స్ఛేంజబుల్, నాన్ ఎక్స్ఛేంజబుల్ అన్నా అదే అర్థం. ఒకదాన్ని ఇచ్చి దాని బదులు ఇంకొకటి పుచ్చుకోవడానికి వీలు లేనిది అని. కొన్నిచోట్ల ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టడానికి వీలు లేనిది అనే అర్థంలోనూ వస్తుంది. ఇవి రెండూ దగ్గరగా కనిపిస్తాయి గానీ వేరు. మొదటిది ఇచ్చిపుచ్చుకోవడం, ఇద్దరు మనుషుల మధ్య జరిగేది. రెండోది స్థానం మార్చడం, వస్తువుల మధ్య జరిగేది. ఒప్పందాల్లో మొదటిదే ఎక్కువ, యంత్రాల పుస్తకాల్లో రెండోదే ఎక్కువ.

తెలుగులో మొదటి చిక్కు ‘మార్చు’ అనే క్రియ దగ్గరే వస్తుంది. మార్చడం అంటే సవరించడమూ అవుతుంది, ఒకటి ఇచ్చి ఒకటి తీసుకోవడమూ అవుతుంది. ‘ఈ వాటాలు మార్చరానివి’ అని రాశామనుకోండి. వాటాల నిష్పత్తిని సవరించకూడదనా, వాటాలను వేరే పత్రాలతో ఇచ్చిపుచ్చుకోకూడదనా? రెండు విధాలా చదవొచ్చు. అందుకని ‘మార్పు’ను సవరణ అర్థానికి వదిలేసి, ఇచ్చిపుచ్చుకోవడానికి ‘మార్పిడి’ వాడటం మంచిది. అయితే మార్పిడి కూడా చాలా పనులు చేస్తుంది. వస్తుమార్పిడిలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. పంట మార్పిడిలో ఒకదాని తర్వాత ఇంకొకటి రావడం ఉంది. అవయవ మార్పిడిలో పాడైనదాని స్థానంలో మంచిది పెట్టడం ఉంది. మతమార్పిడిలో ఒకదాన్ని వదిలి ఇంకొకదానిలోకి వెళ్లడం ఉంది. మాట ఒకటే, పనులు నాలుగు. కాబట్టి ‘మార్పిడికి వీల్లేదు’ అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. దేనికి మార్పిడి, దేనిలోకి మార్పిడి అన్నది ఆ వాక్యంలోనే ఉండాలి.

రెండో చిక్కు ఆ పదం చివర ఉంది. ఇంగ్లీషు మాట చివర ఉండే ‘ఏబుల్’కు అన్నిచోట్లా సరిపోయే ఒకే తోక తెలుగులో లేదు. నిజానికి ఈ విషయంలో తెలుగు మరింత నిక్కచ్చి భాష. ‘మార్చుకోలేని’ అంటే చేతగాకపోవడం, చేయాలనుకున్నా కుదరకపోవడం. ‘మార్చుకోకూడని’ అంటే ఎవరో నిషేధించారు. ‘మార్చరాని’లో నిషేధమూ ఉంది, అసాధ్యమూ ఉంది. ‘మారకానికి చెల్లని’ అంటే ఇస్తే ఎదుటివాళ్లు ఒప్పుకోనక్కర్లేదు. ‘మార్పిడికి వీల్లేని’ అన్నది వీటిలో నెమ్మదైనది, కారణం ఎవరిదో చెప్పకుండానే సంగతి చెబుతుంది. నిఘంటువు ఇచ్చే ‘మార్చుకోలేని’ చాలా సందర్భాల్లో తప్పే అవుతుంది, ఎందుకంటే ఒప్పందాల్లో ఉండేది చేతగానితనం కాదు, నిషేధం.

ఇంగ్లీషు మాట కనబడగానే నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. దేని బదులు దేన్ని? అడ్డం వస్తున్నది ఏది, వస్తువు స్వభావమా, చట్టమా, ఇద్దరూ పెట్టుకున్న షరతా? ఈ రెంటికీ జవాబు దొరికితే మాట దానంతటదే దొరుకుతుంది. మీ జాబితాలోని మాటలను ఈ వరసలోనే చూద్దాం.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం నాన్ ఫంజిబుల్ దగ్గర ఉంది కాబట్టి దానితో మొదలుపెడతాను. ఫంజిబుల్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. ‘పని నిర్వర్తించు’ అనే అర్థమున్న క్రియ దానికి మూలం. ఒకదాని పని ఇంకొకటి చేసిపెడితే, ఒకదాని బదులు ఇంకొకటి చెల్లితే అది ఫంజిబుల్. ఈ ఊహ రోమన్ న్యాయశాస్త్రంలో చాలా స్పష్టంగా ఉంది. తూకంతో, లెక్కతో, కొలతతో వ్యవహరించే వస్తువులు ఒక జాతి: ధాన్యం, నూనె, నాణేలు. వీటిని అప్పుగా ఇస్తే దాన్ని వాళ్లు ‘మ్యూటుమ్’ అన్నారు. తీసుకున్నవాడు వాటిని వాడేసుకోవచ్చు, అదే రకం అంతే కొలతతో తిరిగి ఇస్తే చాలు. ఇంకో జాతి, ఆ వస్తువే తిరిగి రావాల్సినవి. గుర్రాన్ని ప్రయాణానికి ఇస్తే ఆ గుర్రమే తిరిగి రావాలి. దాన్ని ‘కొమ్మొడాటుమ్’ అన్నారు.

తెలుగువాళ్లకు ఈ తేడా చెప్పడానికి లాటిన్ అక్కర్లేదు. మనకు ‘బదులు’ ఉంది, ‘ఎరువు’ ఉంది (పొలానికి వేసేది కాదు, వాడుకుని తిరిగిచ్చేది). గింజలు బదులు తెచ్చుకుంటాం, అవే గింజలు తిరిగివ్వం, అన్ని గింజలు తిరిగిస్తాం. చేబదులు తీసుకున్న డబ్బూ అంతే. నగను మాత్రం ఎరువు తెచ్చుకుంటాం, ఆ నగనే తిరిగివ్వాలి. ‘బదులు’ అనే మాటలోనే ‘దాని స్థానంలో ఇంకొకటి’ అనే అర్థం కూర్చుని ఉంది చూడండి. బదులు ఇవ్వదగ్గవన్నీ ఫంజిబుల్, ఎరువు మాత్రమే ఇవ్వదగ్గవి నాన్ ఫంజిబుల్. ‘ఎరువు సొమ్ము బరువు చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు’ అనే సామెతలో న్యాయశాస్త్రమంతా ఉంది. ఆ వస్తువునే తిరిగివ్వాలి, అది లేకపోతే ఇక మిగిలేది డబ్బు బాకీ. ఇప్పుడు అరువు, అప్పు, బదులు కలగలిసిపోయి ఈ తేడా మాటల్లో పలచబడింది, అది నాకు బాధగానే ఉంటుంది.

ఈ తేడా వల్ల నష్టం ఎవరి నెత్తిన పడుతుందో కూడా మారిపోతుంది. రోమన్ న్యాయం ప్రకారం బదులు తెచ్చుకున్న ధాన్యం ఇంట్లో కాలిపోయినా బాకీ పోదు, లోకంలో ధాన్యం ఇంకా ఉంది కదా, తెచ్చివ్వాలి. తెచ్చుకున్న గుర్రం మాత్రం తన తప్పేమీ లేకుండా పిడుగు పడి చచ్చిపోతే, తీసుకున్నవాడి మీద మామూలుగా భారం ఉండదు. ఇంకో మెలిక చూడండి. ఉల్పియన్ అనే న్యాయకోవిదుడు, వాడితే ఖర్చయిపోయేవాటిని ఎరువు ఇవ్వడం కుదరదని చెబుతూనే, ప్రదర్శనకు పెట్టుకోవడానికి తీసుకుంటే మాత్రం కుదురుతుందన్నాడు. అంటే ఖర్చు పెట్టుకోవడానికి ఇచ్చిన నాణెం ఫంజిబుల్. అదే నాణేన్ని నలుగురికీ చూపించడానికి ఇస్తే అదే తిరిగి రావాలి. వస్తువు మారలేదు, ఇచ్చిన ఉద్దేశం మారింది. మీ ఒప్పందంలో నాన్ ఫంజిబుల్ అని ఉంటే అది వస్తువు స్వభావమని తీర్మానించేయకుండా, ఏ ఉద్దేశంతో ఇచ్చారో ముందు పేరాల్లో వెతకండి.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఇంకా ముచ్చటైనది. 18వ శతాబ్దం మధ్యలో స్కాట్లండ్‌లో హ్యూ క్రాఫర్డ్ అనే ఆయన బ్యాంకు నోట్లను తపాలాలో పంపాడు. ముందుజాగ్రత్తగా వాటి నంబర్లు రాసుకున్నాడు, నోట్ల మీద తన సంతకం కూడా చేశాడు. అవి దారిలో పోయాయి. కొన్నాళ్లకు వాటిలో ఒకటి రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ చేతికి వచ్చింది. నంబరు నాది, సంతకం నాది, నోటు నాకిచ్చేయండి అన్నాడు ఆయన. మామూలు వస్తువైతే అంతకంటే గట్టి రుజువు ఏముంటుంది? 1749లో కోర్టు ఒప్పుకోలేదు. నిజాయితీగా పుచ్చుకున్నవాడి దగ్గర నుంచి నోటును వెనక్కి లాక్కునే వీలుంటే ఎవరూ నోటు పుచ్చుకోరు, డబ్బు డబ్బుగా నడవదు. 1758లో ఇంగ్లండ్‌లో మిల్లర్ వర్సెస్ రేస్ కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ కూడా దాదాపు ఇదే దారిలో తీర్పిచ్చాడు. అక్కడా తపాలా దోపిడీలో పోయిన నోటే, అక్కడా మధ్యలో తెలియక పుచ్చుకున్నవాడే గెలిచాడు. ప్రతి నోటుకూ వేరే నంబరున్నా, సంతకమే ఉన్నా, చట్టం దాన్ని ఒకదాని బదులు ఇంకొకటి చెల్లేదిగానే చూస్తుంది. గుర్తుపట్టగలగడం వేరు, బదులు చెల్లకపోవడం వేరు.

ఇక్కడి నుంచి నేరుగా ఎన్‌ఎఫ్‌టీల దగ్గరికి, అంటే నాన్ ఫంజిబుల్ టోకెన్లనే డిజిటల్ ఆస్తుల దగ్గరికి రావచ్చు. తెలుగులో వీటిని ‘మార్పిడి చేయలేని టోకెన్లు’ అని రాయడం నేను చాలాసార్లు చూశాను. ఆ అనువాదం తప్పు, గట్టిగానే చెబుతున్నాను. వాటిని జనం కొన్నారు, అమ్మారు, చేతులు మార్చారు. బీపుల్ అనే డిజిటల్ కళాకారుడి ఎన్‌ఎఫ్‌టీ 2021 మార్చిలో క్రిస్టీస్ వేలంలో 6.9 కోట్ల డాలర్లకు పైగా పలికింది. మార్పిడే చేయలేనిదైతే ఆ వేలం ఎలా జరుగుతుంది? ఆ పేరులో ఉన్నది ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదన్న సంగతి మాత్రమే.

ఆ టోకెన్ల లోపలి ఏర్పాటు చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో మామూలు టోకెన్లకు ఈఆర్‌సీ-20 అనే ప్రమాణం ఉంది, 2015లో ప్రతిపాదించారు. అందులో ఖాతా అంటే ఒక అంకె మాత్రమే. ఈ చిరునామా దగ్గర ఎన్ని ఉన్నాయి అని అడగొచ్చు, ఏవి ఉన్నాయి అని అడగడానికి అసలు వీల్లేదు. 2018లో వచ్చిన ఈఆర్‌సీ-721లో ప్రతి టోకెన్‌కూ ఒక నంబరు ఉంటుంది. ఫలానా నంబరు టోకెన్ ఎవరిది అని అడగొచ్చు, దానికి ఒక్క యజమానే జవాబుగా వస్తాడు. ‘ఎన్ని’ అన్న ప్రశ్నతో పని తీరిపోతే ఫంజిబుల్, ‘ఏది’ అని అడగాల్సి వస్తే నాన్ ఫంజిబుల్. కొత్తవాళ్లకు నేను ఈ మాటే చెబుతాను, ఎంత చిక్కటి పత్రంలోనైనా ఇది పనికొస్తుంది. ఇక నిజంగా చేతులు మారకూడని టోకెన్లు వేరే ఉన్నాయి. ఇథీరియం సృష్టికర్తల్లో ఒకడైన విటాలిక్ బ్యుటెరిన్ 2022లో ప్రచారంలోకి తెచ్చిన సోల్‌బౌండ్ టోకెన్లు అలాంటివి. ఒకరికి ఇచ్చిన డిగ్రీ పట్టా లాంటి దాన్ని ఇంకొకరికి అమ్మేసుకోకుండా చూడటం వాటి ఉద్దేశం. ముందు చెప్పినవాటిని ‘మార్పిడి చేయలేనివి’ అని రాసేస్తే వీటికి వేరే మాట మిగలదు.

మరి నాన్ ఫంజిబుల్‌కు తెలుగేమిటి? సాధారణ పాఠకులకైతే ‘ఒకదాని బదులు ఇంకొకటి చెల్లని’ అని విడమరచి రాస్తాను. ఒప్పందంలోనైతే నిర్వచనాల భాగంలో ఒకసారి అలా రాసి, తర్వాత నాన్ ఫంజిబుల్ అనే మాటనే తెలుగు లిపిలో వాడతాను. పొడుగుగా ఉందని జంకకండి. పొడుగు మాట వల్ల కోర్టుకెక్కినవాళ్లు తక్కువ, పొట్టి మాట వల్ల ఎక్కినవాళ్లే ఎక్కువ.

నాన్ కన్వర్టిబుల్, ఇన్‌కన్వర్టిబుల్ అన్నవాటిలో రూపం మారడం ముఖ్యం. చేతిలో ఉన్నది వేరే జాతి వస్తువుగా మారాలి. డబ్బు విషయంలో దీనికి రెండు అర్థాలున్నాయి, పాత పత్రాలు చదివేటప్పుడు ఇది తప్పక గుర్తుండాలి. మొదటిది, నోటు తీసుకెళ్లి ఇస్తే బంగారం ఇస్తారా లేదా అన్నది. యుద్ధకాలపు ఒత్తిడిలో 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేసింది, పూర్తిగా మళ్లీ మొదలుపెట్టింది 1821లో. ఆ మధ్యకాలపు నోట్లను ఇన్‌కన్వర్టిబుల్ అంటారు. కానీ వాటితో సరుకులు కొన్నారు, జీతాలిచ్చారు, పన్నులు కట్టారు. మారకం ఆగలేదు, బంగారంలోకి మారడం ఒక్కటే ఆగింది. విదేశీ కేంద్ర బ్యాంకులకు ఔన్సుకు 35 డాలర్ల లెక్కన బంగారం ఇచ్చే ఏర్పాటును 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆపేశాడు. ఆ మర్నాడు డాలరు చెల్లకుండా పోలేదు కదా. రెండో అర్థం, ఒక దేశపు కరెన్సీని వేరే దేశపు కరెన్సీలోకి స్వేచ్ఛగా మార్చుకోనివ్వకపోవడం. సోవియట్ రూబుల్ అలాంటిది. మొదటిదానికి ‘బంగారంలోకి మార్చి ఇవ్వని నోట్లు’ అనీ, రెండోదానికి ‘విదేశీ మారకానికి వీల్లేని కరెన్సీ’ అనీ రాస్తే ఎవరికీ అనుమానం రాదు.

రుణపత్రాల్లో, అంటే బాండ్లు, డిబెంచర్లలో, ఈ మాట ఇంకా జాగ్రత్తగా ఉండమంటుంది. కన్వర్టిబుల్ అంటే ఆ పత్రాన్ని జారీ చేసిన కంపెనీ షేర్లలోకే మార్చుకోవచ్చు. ఎక్స్ఛేంజబుల్ బాండు అని విడిగా ఇంకొకటి ఉంది. దాన్ని జారీ చేసిన కంపెనీ చేతిలో ఉన్న వేరే కంపెనీ షేర్లతో, సాధారణంగా తన అనుబంధ కంపెనీ షేర్లతో, మార్చుకోవచ్చు. రెంటికీ ‘మార్చుకోదగ్గ బాండ్లు’ అని రాస్తే మదుపరికి చేతికొచ్చేది ఎవరి షేరో తెలియదు. వాటి వ్యతిరేకాలకూ ఇదే వర్తిస్తుంది. నాన్ కన్వర్టిబుల్ డిబెంచర్ అంటే షేర్లుగా మారనిది, అంతే. స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయినదైతే దాన్ని మార్కెట్లో నిక్షేపంగా అమ్ముకోవచ్చు. ‘మార్చుకోలేని డిబెంచర్’ అని చదివి, గడువు దాకా డబ్బు ఇరుక్కుపోతుందేమోనని టెన్షన్ పడి అడిగినవాళ్లు నాకు తెలుసు. ‘షేర్లుగా మారని రుణపత్రాలు’ అని రాస్తే ఆ భయమే ఉండదు.

నాన్ ట్రాన్స్‌ఫరబుల్ సులువు. ఇక్కడ అడ్డు మనిషికి. వస్తువు మారదు, రూపం మారదు, యజమాని మారకూడదు. ‘ఇతరుల పేరుకు బదలాయించరాని’ అంటే చాలు. టికెట్ల మీద, వోచర్ల మీద ఇది నాన్ ఎక్స్ఛేంజబుల్‌తోనూ నాన్ రిఫండబుల్‌తోనూ కలిసి వస్తుంది. మూడూ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి అనువాదంలో ఒకదాన్ని ఒకటి మింగేస్తుంటాయి. ప్రయాణ టికెట్టునే తీసుకోండి. ఇతరుల పేరు మీదికి మార్చకూడదన్నది ఒక షరతు. తేదీ మార్చుకుని వేరే టికెట్టు తీసుకోకూడదన్నది ఇంకో షరతు. వద్దనుకుంటే డబ్బు వెనక్కి రాదన్నది మూడోది. తేదీ మార్చుకోనిచ్చి డబ్బు మాత్రం ఇవ్వని టికెట్లు ఉన్నాయి. డబ్బు తిరిగిచ్చి పేరు మాత్రం మార్చనివ్వనివీ ఉన్నాయి. ఒకటి ఉంటే మిగతావీ ఉన్నట్టే అనుకోకూడదు.

యంత్రాల విషయానికొస్తే ఎక్స్ఛేంజబుల్ కంటే ఇంటర్‌ఛేంజబుల్ అనే మాట ఎక్కువ కనిపిస్తుంది, వ్యతిరేకం నాన్ ఇంటర్‌ఛేంజబుల్. ఒకప్పుడు తుపాకీలో ప్రతి ముక్కనూ దాని పక్క ముక్కకు సరిపోయేలా పనివాడు ఆకురాయితో రాకి అమర్చేవాడు. ఒక తుపాకీ ముక్క ఇంకో తుపాకీకి పట్టేది కాదు. 1785లో ఫ్రాన్స్‌లో ఒనొరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడు ఒకే కొలతతో ముక్కలు చేసి చూపించాడు. అప్పుడు అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్, విడదీసి పెట్టిన ముక్కల్లోంచి చేతికి అందినవి అందినట్టు తీసుకుని తానే కొన్నిటిని బిగించి చూశాడు. అన్నీ చక్కగా కుదిరాయి. ఆ సంగతి తన దేశానికి ఉత్తరంలో రాశాడు. ఇక్కడ ‘మార్పిడికి వీల్లేని’ అనడం అతకదు. ‘ఒకదానికి ఒకటి పట్టని’, ‘ఒకదాని స్థానంలో ఒకటి అమరని’ అంటేనే పనివాడికి అర్థమవుతుంది.

అయితే ఇలా పట్టకపోవడం అన్నిచోట్లా లోపం కాదు. మత్తుమందు యంత్రానికి బిగించే గ్యాస్ సిలిండర్లను చూడండి. సిలిండర్ మూతి మీద రెండు చిన్న రంధ్రాలుంటాయి, యంత్రం పట్టు మీద రెండు పిన్నులుంటాయి. ఆ పిన్నుల చోట్లకు నంబర్లున్నాయి. ఆక్సిజన్‌కు 2, 5 స్థానాలు. నైట్రస్ ఆక్సైడ్‌కు 3, 5 స్థానాలు. తొందరలోనో చీకట్లోనో ఒకదాని బదులు ఇంకొకటి బిగించబోతే పిన్ను రంధ్రంలోకి దిగదు, సిలిండర్ కూర్చోదు. మనిషి కన్ను ఏమారినా లోహం ఏమారదు. ఈ ఏర్పాటు గురించి రాసేటప్పుడు ‘మార్చుకోలేని’ అంటే అదేదో కొరతలా వినిపిస్తుంది. ‘తారుమారు కావడానికి వీల్లేకుండా చేసిన’ అని రాయండి. ఉద్దేశం వాక్యంలోకి వస్తుంది.

శాస్త్రాల్లో ఈ మాటకు ఎవరి అర్థం వాళ్లకుంది, క్లుప్తంగా చెబుతాను. నేల రసాయనంలో నాన్ ఎక్స్ఛేంజబుల్ పొటాషియం అంటే బంకమట్టి పొరల మధ్య ఇరుక్కుని, మట్టిలోని తడిలో ఉన్న ఇతర అయాన్లతో వెంటనే చోటు మార్చుకోనిది. అది ఎప్పటికీ రాదని కాదు, నెమ్మదిగా విడుదలవుతుంది. కాబట్టి ‘సులువుగా చోటు మారని’ అన్నదే నిజానికి దగ్గర. గణితంలో వరస తారుమారు చేస్తే ఫలితం మారేవాటికి బడి పుస్తకాల్లోని స్థిత్యంతర ధర్మమే ఆధారం, ‘స్థిత్యంతర ధర్మం పాటించనివి’ అంటే చాలు. అక్కడ కొత్త మాట పుట్టించకండి.

మాటల సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇన్ఎక్స్ఛేంజబుల్ అనే విశేషణాన్ని పర్యాయపదాల గురించి కూడా వాడతారు. ఇల్లు, గృహం ఒకటే అంటాం. కానీ గృహప్రవేశం అంటాం, ఇంటిప్రవేశం అనం. ఇంటిపేరు అంటాం, గృహనామం అనం. అర్థం ఒకటైనా చోటు ఒకటి కాదు. తత్వవేత్తలు దీన్ని ఇంకా లోతుగా తవ్వారు. తెల్లవారుజామున కనిపించే వేగుచుక్కా, సాయంత్రం పడమట కనిపించే చుక్కా రెండూ శుక్రగ్రహమే. ‘వేగుచుక్క శుక్రుడు’ అన్న వాక్యంలో వేగుచుక్క బదులు సాయంత్రపు చుక్కను పెట్టినా నిజం చెడదు. ‘వేగుచుక్క ఇప్పుడు ఉదయించిందని ఆయన అనుకున్నాడు’ అన్న వాక్యంలో పెడితే చెడొచ్చు. ఆ రెండూ ఒకటని ఆయనకు తెలియకపోవచ్చు కదా. జర్మన్ తాత్వికుడు ఫ్రెగె 1892లో ఈ చుక్కల ఉదాహరణతోనే అర్థానికీ, అది సూచించే వస్తువుకూ తేడా చెప్పాడు.

మనుషుల గురించైతే ఈ మాటల్లో ఏదీ వాడకూడదని నా గట్టి అభిప్రాయం. జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో ఒక తేడా చూపించాడు. వెల ఉన్నదాని స్థానంలో దానికి సమానమైనది ఇంకొకటి పెట్టవచ్చు, వెలకు అతీతమైనదానికి సమానమైనదే లేదు, దానికుండేది గౌరవం. తెలుగులో దీనికి ‘వెలకట్టలేని’ ఎప్పటి నుంచో ఉంది. పోయినవారి గురించి ‘ఆ లోటు తీరనిది’ అంటాం. అక్కడ ‘ప్రత్యామ్నాయం లేని వ్యక్తి’ అని రాస్తే ఉద్యోగ ఖాళీ గురించి మాట్లాడినట్టుంటుంది. ‘సాటిలేని’ కూడా వేరే. సాటిలేనిది అంటే అన్నిటికంటే గొప్పది. బదులు లేనిది గొప్పదే కానక్కర్లేదు. ఒక పాత ఉత్తరం సాహిత్యంగా సాదాసీదాగా ఉండొచ్చు, అయినా దాని బదులు ఇంకొకటి రాదు.

ఇక ‘అవినిమేయం’. వ్యాకరణం ప్రకారం మాట సరైనదే. వినిమయం నుంచి వినిమేయం, దానికి వ్యతిరేకం అవినిమేయం. కానీ నేను వాడను, మీరూ వాడొద్దంటాను. చదివినవాళ్లు ఆగిపోతారన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. తెలుగు పత్రికల్లో ‘వినిమయదారుడు’, ‘వినిమయ సంస్కృతి’ అనే మాటలు కొనుగోలు చేసి వాడుకునేవాడు, వస్తువుల మీద మోజు అనే అర్థంలో బాగా పాతుకుపోయాయి. అలా అలవాటుపడ్డ పాఠకుడు అవినిమేయం అంటే ‘వాడుకోవడానికి పనికిరానిది’ అనుకోవచ్చు. ఒప్పందంలో ఆ ప్రమాదం తెచ్చుకోకూడదు. ‘వస్తు వినిమయం’ లాగా స్థిరపడిన జంటల్లో వినిమయం ఉండనివ్వండి, కొత్తగా దాని నుంచి పిల్లలను పుట్టించకండి.

మీరు పంపిన వాక్యం ఒక వోచర్ గురించి, అందులో ఇన్ఎక్స్ఛేంజబుల్, నాన్ ట్రాన్స్‌ఫరబుల్ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. దాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘ఈ వోచర్‌ను నగదుతో గానీ, వేరే వోచర్‌తో గానీ మార్పిడి చేసుకోవడానికి వీల్లేదు. దీన్ని ఇతరుల పేరుకు బదలాయించడానికి కూడా వీల్లేదు.’ ఇంగ్లీషులో రెండు విశేషణాలు, తెలుగులో రెండు వాక్యాలు. అదే సరైన లెక్క. ఒక్క ఇబ్బంది, మూలంలో ‘నగదు’ అని లేదు, అది నేను చేర్చింది. కాబట్టి రాయించుకున్నవాళ్లను అడగండి: నగదు ఇవ్వబోమనా, సరుకు మార్చివ్వబోమనా, రెండూనా? వాళ్ల జవాబు వచ్చాకే ఆ వాక్యాన్ని ఖాయం చేయండి. నాన్ ఫంజిబుల్ ఉన్న పేరా ఆస్తుల జాబితాకు సంబంధించినదని రాశారు కాబట్టి, అక్కడ ‘ఒకదాని బదులు ఇంకొకటి చెల్లని ఆస్తులు’ అని పెట్టి, ప్రతి ఆస్తికీ గుర్తింపు నంబరు ఇచ్చారో లేదో జాబితాలో చూసుకోండి. నంబర్లు లేకుండా కేవలం సంఖ్యలే ఉంటే ఆ పేరాలోనే ఏదో తేడా ఉందని వాళ్లకు రాయడం కూడా మన పనే.